ఫొటోలో రెండో బెంచీ

మా బావగారు మందు మానేసి ఎన్నాళ్ళయిందో రాయొద్దన్నారు. ఊరు రాయొద్దు, ఉద్యోగం రాయొద్దు, పేరు సరేసరి. ఇవన్నీ తీసేశాక కాలమిస్టుకి మిగిలేదేమిటి? వివరమే మా కూడు. కట్టుకున్న లుంగీ రంగు కూడా చెబితే తప్ప మనిషి కనపడడని నమ్మి ముప్పై ఏళ్ళుగా రాస్తున్నవాణ్ణి. అయినా ఒప్పుకున్నాను. ఆ మాటకొస్తే ‘బావగారు’ అన్నది కూడా అసలు వరస కాకపోవచ్చు.

తాగుడు మానాలనుకునేవాళ్ళ సంఘం ఆల్కహాలిక్స్ అనానిమస్. వాళ్ళ సమావేశాలు రెండు రకాలు. కొన్ని సభ్యులకే. కొన్ని ఓపెన్ మీటింగులు, ఇంట్లోవాళ్ళూ చుట్టాలూ ఎవరైనా వెళ్ళొచ్చు. మందు మానేసి ఇన్నాళ్ళయిందని మెడల్ ఇచ్చే రోజున బావగారు మమ్మల్ని వెంటబెట్టుకు వెళ్ళారు. ఒక బడిలో ఐదో తరగతి గది. నల్లబల్ల మీద భిన్నాల లెక్క ఎవరూ చెరపలేదు. పెద్ద పెద్ద మనుషులు పిల్లల బెంచీల్లో మోకాళ్ళు ఇరికించుకుని కూర్చున్నారు. ఒక్కొక్కరే లేచి పేరు చెప్పి, నేను ఆల్కహాలిక్‌ని అంటారు. పేరంటే పేరే, ఇంటిపేరు ఉండదు. తెలుగువాడు ఇంటిపేరు లేకుండా పరిచయమయ్యే చోటు ఇంకోటి నేను చూడలేదు. మనకి ఇంటిపేరు చెబితే కులం, కులంతో ఊరు, ఊరితో ఎవరి మేనత్త ఎవరికి తోడికోడలో సమస్తం బయటపడుతుంది. ఆ గదిలో అవేవీ లేవు.

లోపల ఎవరేం చెప్పుకున్నారో రాయను. అక్కడి మాట అక్కడే వదిలి వెళ్ళమని ముందే చెప్పారు. టీ మాత్రం బావుంది.

మెడల్ అంటే బంగారమూ వెండీ కాదు, రూపాయి బిళ్ళకన్నా కాస్త పెద్ద బిళ్ళ. అది బావగారి చేతిలో పడగానే మా మేనల్లుడు ఫోను తీశాడు. ఇంటికొచ్చే దారిలో, ఆటోలోనే, ‘మా నాన్నే నా హీరో’ అని వాట్సాప్ స్టేటస్ పెట్టేశాడు. స్టేటస్ ఆయుష్షు 24 గంటలు. ఆ గదిలో మనుషులు లెక్కపెట్టుకునేదీ 24 గంటలే. ఈ ఒక్కరోజు తాగను, రేపటి సంగతి రేపు. మావాడి 24 గంటలు ఇంకొకాయన 24 గంటల్ని మింగేశాయి.

ఫొటోలో బావగారి భుజం వెనక, రెండో బెంచీలో, ఒకాయన ఉన్నారు. సగం మొహమే పడింది. తెలిసినవాళ్ళకి సగం చాలు. ఆయన పనిచేసేచోటే పనిచేసే ఒకబ్బాయి నంబరు మావాడి ఫోన్లో ఉంది. మర్నాటికి అక్కడ అందరికీ తెలిసింది. ఆ తర్వాతి వారం ఆయన సమావేశానికి రాలేదు. ఆ పై వారమూ రాలేదు. ఫోను స్విచ్చాఫ్. వెళ్ళి పలకరిద్దామంటే ఇల్లెక్కడో సంఘంలో ఎవరికీ తెలియదు. తెలియకుండా ఉండటానికే కదా ఆ ఏర్పాటంతా.

మావాణ్ణి కేకలేశాను. వాడు చెడ్డవాడు కాదు. పదో తరగతి పరీక్షల ముందురోజు రాత్రి కాలవగట్టు మీద పడున్న తండ్రిని భుజాన వేసుకుని ఇంటికి తెచ్చినవాడు. నా కేకలన్నీ అయ్యాక నెమ్మదిగా అన్నాడు: “మామయ్యా, తాగి పడిపోయినప్పుడు వీధంతా చూసింది. అప్పుడెవరూ కళ్ళు మూసుకోలేదు. మానేస్తే మాత్రం చూడకూడదా?”

నాకు జవాబు తట్టలేదు. ఇప్పటికీ సగమే తట్టింది.

వాడి మాటలో న్యాయం ఉంది. తాగేవాడికి మనం ఎన్ని ముద్దుపేర్లు పెట్టుకున్నామో చూడండి. సరదా, పార్టీ, కంపెనీ. పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు ‘ఎప్పుడైనా అకేషనల్‌గా’ అంటే అమ్మాయి తండ్రి తలూపుతాడు. అదే, మానడానికి ఎక్కడికో వెళ్తున్నాడట అంటే ‘అయ్యో, అంత ముదిరిందా?’ అని లేచిపోతాడు. తాగినన్నాళ్ళూ అంటని మచ్చ మానిన రోజున అంటుకుంటుంది. దీన్ని ఎవరో ఒకరు బద్దలు కొట్టాల్సిందే. మా మేనల్లుడు కొట్టాడు, కానీ రెండో బెంచీ ఆయన నెత్తిమీద.

ఈ పేచీ సెల్‌ఫోనుతో పుట్టింది కాదు. 1935లో అమెరికాలోని ఏక్రన్ అనే ఊళ్ళో బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారీ, బాబ్ స్మిత్ అనే సర్జనూ కలుసుకుని ఈ గుంపుకి పునాది వేశారు. 1939లో అచ్చయిన వాళ్ళ పుస్తకం మీద రచయిత పేరు లేదు. మొదట్లో పేరు దాచుకోవడంలో పెద్ద వేదాంతమేమీ లేదు. తాగుబోతని తెలిస్తే ఉద్యోగం ఊడుతుందని భయం, అంతే. 1940లో రాలీ హెమ్స్లీ అనే బేస్‌బాల్ ఆటగాడు తనని బాగుచేసింది ఈ సంఘమేనని పేరు పెట్టి చెప్పాడు. పత్రికలు ఎగబడ్డాయి. అది చూసి బిల్‌కీ మనసు లాగింది. ఊళ్ళు తిరిగి ఫొటోలిచ్చాడు, ఇంటర్వ్యూలిచ్చాడు. 1944లో మార్టీ మాన్ అనే సభ్యురాలు తాగుడు జబ్బేనని దేశానికి చెప్పడానికి తన పేరుతోనే బయటికొచ్చింది. ఆవిడ వల్ల మేలూ జరిగింది. కానీ ఒకరి వెనక ఒకరు పేపర్లకెక్కడం మొదలయ్యేసరికి బిల్ వెనక్కి తగ్గాడు. తను చేసింది సంఘం కోసమని చెప్పుకున్నా అందులో తన పేరాశే ఎక్కువని 1955లో తన సంఘం పత్రికలోనే రాసుకున్నాడు. ఆ ముందు ఏడాది యేల్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇస్తామంటే వద్దన్నాడు. వాళ్ళూ సెల్ఫీ రోజులు దాటి వచ్చినవాళ్ళే.

పత్రికల్లో, రేడియోలో, సినిమాల్లో సభ్యుడిగా పేరు బయటపెట్టుకోకూడదన్న కట్టుబాటుకి 1950లో క్లీవ్‌లాండ్ మహాసభలో ఆమోదం దొరికింది. ఇప్పుడు ఇంటర్నెట్‌నీ ఆ లెక్కలోనే వేశారు. చాలామంది దీన్ని తప్పుగా అర్థం చేసుకుంటారు. భార్యకీ డాక్టరుకీ పక్కింటాయనకీ చెప్పుకోవద్దని ఎవరూ అనలేదు. నేను తాగుడు మానేశాను అని ఫేస్‌బుక్‌లో రాసుకున్నా అభ్యంతరం లేదు. ఫలానా సంఘం సభ్యుణ్ణి అని మాత్రం మొహంతో, పేరుతో రాయొద్దంటారు. ఎందుకంటే ఈ జబ్బులో జారిపడటం మామూలు. నువ్వు జారితే, చూశారా ఆ సంఘంలో చేరినా ఇంతే అని పదిమంది అనుకుంటారు. ఆ పదిమందిలో రేపు తలుపు తట్టాల్సినవాడు ఒకడుంటాడు.

నేనూ సభ్యుణ్ణేనా అని ఈపాటికి కొందరికి అనుమానం వచ్చి ఉంటుంది. ఈ కాలమ్ నెత్తిన నా పేరూ ఫొటో ఉన్నాయి. కాబట్టి అవుననను, కాదననూ.

అందరూ ఇలా ముసుగేసుకుంటే లోకం ఎప్పుడు మారుతుందని అడిగేవాళ్ళున్నారు. దీనిమీద 2013లో ‘ది అనానిమస్ పీపుల్’ అని డాక్యుమెంటరీయే వచ్చింది. వాళ్ళతో నాకు పేచీ లేదు. మన నెల్లూరు జిల్లాలో దూబగుంట రోశమ్మలాంటి వాళ్ళు సారా వ్యతిరేక ఉద్యమంలో మొహం దాచుకుని ఉంటే 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చేది కాదు. అయితే ఒకటి గమనించాను. ఆ ఉద్యమం అనగానే ఆడవాళ్ళ పేర్లు గుర్తొస్తాయి. తాగిన మగవాళ్ళ పేరు ఒక్కటీ గుర్తు లేదు. దుకాణం మీద పోరాటానికి పేరు కావాలి. సొంత నాలుక మీద పోరాడేవాడికి అది బరువు.

ఈమధ్య డీఅడిక్షన్ సెంటర్ల వీడియోలు కూడా వస్తున్నాయి, ‘చేరినప్పుడు’, ‘ఇప్పుడు’ అని. చేరినప్పుడు మనిషి వణుకుతూ ఉంటాడు, ఆ వణుకే వాళ్ళకి ప్రకటన. దీని సంగతి కట్టుబాటుకి వదిలేయక్కర్లేదు, చట్టమే ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 24వ సెక్షన్ ప్రకారం చికిత్సలో ఉన్నవాడి ఫొటో అతని అనుమతి లేకుండా మీడియాకి ఇవ్వకూడదు. మందు, మత్తు వల్ల వచ్చే మానసిక స్థితులూ ఆ చట్టం కిందికే వస్తాయి. అనుమతి అతనిది, ఫీజు కట్టిన తమ్ముడిది కాదు. మీ ఇంటి మనిషిని అలాంటి చోట చేరుస్తుంటే సంతకం పెట్టే కాగితాల్లో ఫొటోకి అనుమతి ఇచ్చే ముక్క ఉందేమో చదవండి.

మేనల్లుడి స్టేటస్ 24 గంటలకి దానంతటదే పోయింది. ఆ తర్వాత వాడు మెడల్ ఒక్కదాన్నే, వంటింటి గట్టు మీద పెట్టి, ఇంకో ఫొటో తీశాడు. అది వాడి ఫోన్లోనే ఉంది, నాకు చూపించాడు.

ఇదంతా రాయడానికి కూర్చునే ముందు బావగారిని అడిగాను, రెండో బెంచీ ఆయన మళ్ళీ వస్తున్నారా అని. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టి, “టీ తాగుతావా?” అన్నారు. అందుకని మీకు చెప్పడానికి నా దగ్గరా ఏమీ లేదు.