కొత్త షూ, పాత డ్రమ్ము

పాత జీపు కొనబోయేవాళ్లు ఇంజను స్టార్టు చేయించి చప్పుడు వింటారు. బానెట్ ఎత్తి చూస్తారు, టైరుని కాలితో తన్ని చూస్తారు. చక్రం విప్పించి బ్రేకు డ్రమ్ము లోపలికి తొంగిచూసేవాళ్లు మాత్రం తక్కువ. స్టార్టు కాని జీపు వల్ల ఎవరికీ దెబ్బ తగలదు. అనంతగిరి ఘాటీ దిగుతూ ఆగని జీపు సంగతి వేరు.

మహీంద్రా వాళ్లు 1940ల చివర్లో విల్లీస్ జీపుల్ని ఇక్కడ బిగించడం మొదలుపెట్టారు. ఆ వంశంలో వచ్చిన ఎత్తు బానెట్ సీజే-3బి అమెరికాలో 1968లో ఆగిపోయినా మన దగ్గర ఆ తర్వాతా చాలాకాలం తయారైంది. పోలీసు స్టేషన్ల ముందు, బ్లాకు ఆఫీసుల ముందు నిలబడి ఉండేవి అవే. బొర్రా దగ్గర కటికి జలపాతానికి జనాన్ని ఎక్కించుకుపోయేవి ఇప్పటికీ జీపులే. నా దగ్గరున్నది కూడా ఆ జాతిదే. నాలుగు చక్రాలకీ 9 అంగుళాల డ్రమ్ములు. ఒక్కో డ్రమ్ములో ఎదురెదురుగా రెండు షూలు, పైన వీల్ సిలిండరు, కింద రెండు యాంకర్ పిన్నులు. పెడలు తొక్కితే సిలిండరు షూల పై కొసల్ని బయటికి నెడుతుంది. ముందుకు తిరిగే డ్రమ్ము ముందు షూని తనవైపు ఇంకా గట్టిగా లాక్కుంటుంది, వెనక షూని మాత్రం తోసేస్తుంది. ఎక్కువ బరువు ముందు షూ మోస్తుంది కాబట్టే విల్లీసు లెక్కలో ముందు షూ మీది లైనింగు పొడవు, వెనకది పొట్టి. ఈ రెండింటినీ తారుమారు చేసి బిగించినా పైకి ఏమీ తెలియదు. బ్రేకు గట్టిగా పడాల్సిన రోజున తెలుస్తుంది.

డ్రమ్ము ఊడగానే కంప్రెసరు గాలితో దుమ్ము ఊదడం మన షెడ్లలో ఇంకా పోలేదు. అది చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి చేరితే ఎన్నో ఏళ్ల తర్వాత క్యాన్సరై బయటపడొచ్చు. పక్కనే స్పానర్లు అందించే కుర్రాడికి ఆ మాట ఎవరూ చెప్పరు. తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డ పారేస్తే పోయేదేముంది?

షూలు ఊడదీయడం, కొత్తవి పెట్టడం పెద్ద పనేం కాదు. ఒక పక్క విప్పినప్పుడు రెండో పక్క ముట్టుకోకుండా ఉంచితే స్ప్రింగు ఎటు తగిలించాలో చూసుకోవడానికి నమూనా ఉంటుంది. వీల్ సిలిండరు రబ్బరు కప్పులు కారుతుంటే అప్పుడే మార్చాలి. యాక్సిల్ సీలు దాటి ఆయిలు లైనింగుకి పట్టిందా, పెట్రోలుతో కడిగి మళ్లీ వాడాలని చూడొద్దు. ఇంకిన ఆయిలు వేడికి మళ్లీ పైకొస్తుంది.

అసలు పని ఇక్కడినుంచి మొదలవుతుంది. ఏళ్ల తరబడి అరిగిన డ్రమ్ము లోపలి వంపు ఒకటి, కొత్త లైనింగు వంపు ఇంకొకటి. నేను పని నేర్చుకున్న మేస్త్రి లైనింగు మీద సుద్దముక్క రుద్ది, డ్రమ్ము ఎక్కించి తిప్పి, మళ్లీ విప్పేవాడు. సుద్ద నడుమ మాత్రమే చెరిగితే, "చూశావా బాబూ, పావు వంతు కూడా పట్టట్లేదు" అనేవాడు. గాట్లు పడ్డ డ్రమ్ముని లేత్ మీద తిప్పించి, ఎత్తుగా ఉన్నచోట లైనింగు రుద్ది, మళ్లీ సుద్ద. ఆ తర్వాత ఫీలర్ గేజి బయటికొచ్చేది. డ్రమ్ముకున్న సందులోంచి గేజి దూర్చి, కింద పిన్ను దగ్గర 5 థౌ, పైన 8 థౌ సందు వచ్చేదాకా యాంకర్ పిన్ను కొద్దికొద్దిగా తిప్పాలి. అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ. చివరికి పై అడ్జస్టరు బిగిస్తూ చక్రం తిప్పి, పట్టేసినచోట ఆపి, చక్రం వదులయ్యేదాకా వెనక్కి రావాలి. కుడి ఎడమలు ఒక్కలా రాకపోతే బ్రేకు వేసినప్పుడల్లా బండి ఒక పక్కకి గుంజుతుంది.

బ్రేకు పైపుల్లోంచి ఎయిర్ తీసేటప్పుడు మాస్టర్ సిలిండరుకి అన్నిటికంటే దూరంగా ఉన్న చక్రం ముందు. మన కుడి చేతి స్టీరింగు బండిలో అది వెనక ఎడమది. ఒకరు పెడలు తొక్కాలి, ఒకరు కింద పడుకుని నిపుల్ విప్పాలి.

షూల ధర బిల్లులో ఉంటుంది. సుద్ద రుద్దిన గంటలు, పిన్ను తిప్పిన గంటలు ఏ బిల్లులోనూ ఉండవు. అందుకే షూ తగిలించి, పెడలు రెండుసార్లు తొక్కి బండి తోలిచ్చే షెడ్లు పెరిగాయి. వాళ్లనే తప్పుపట్టలేను. గంటలో బండి కావాలని అడిగేది మనమే. ఎంత బాగా కుదిర్చినా ఇవి డ్రమ్ము బ్రేకులే. ఎడతెగని దిగుడులో డ్రమ్ము వేడెక్కి వ్యాకోచించి షూకి దూరమవుతుంది, పెడలు లోతుకి పోతుంది. కింది గేరులో ఇంజనుతో బిగబట్టుకుంటూ దిగాల్సిందే. వాగు దాటాక డ్రమ్ముల్లో నీళ్లుంటాయి. పెడలు మీద కాలు తేలిగ్గా ఆనించి కొంతదూరం నడిపితే ఆరతాయి.

మీ ఇంట్లో పాత జీపుంటే వానలు పడకముందే నాలుగు డ్రమ్ములూ విప్పించండి. ఒక చక్రానిదే అరిగినా ఆ యాక్సిల్‌కి రెండు పక్కలా షూలు మార్పించండి. మొదటి వారం ఘాట్ రోడ్డు ఎక్కకండి. మేస్త్రి ఫీలర్ గేజి తీస్తే తొందరపెట్టకుండా, ఆ పూటకి ఆయన అడిగిన కూలి ఇవ్వండి.