బొమ్మ సిపాయిలనుండి ‘జేన్ ఐర్’ వఱకు

గ్రంథకర్తల బాల్యరచనలను విమర్శకులు రెండు విధముల జూచుచుందురు. కొందఱు వానిని పిల్లచేష్టలని త్రోసివైతురు. మఱికొందఱు మొలకలోనే మహావృక్షము కన్పట్టుచున్నదని మురియుదురు. ఈ రెండభిప్రాయములును సమగ్రములు కావనుటకు ఇంగ్లండుదేశపు బ్రాంటీ సోదరీమణుల చరిత్రయే చాలును.

1826వ సంవత్సరము జూన్ నెలలో, యార్కుషైరునందలి హావర్తు గ్రామపు మతాచార్యుడు ప్యాట్రిక్ బ్రాంటీ తన కుమారుడు బ్రాన్వెలునకు పండ్రెండు కొయ్యసిపాయిలను దెచ్చియిచ్చెను. ఆ యింట తల్లి 1821లోనే గతించెను. పెద్దకుమార్తెలిరువురు పాఠశాలలో జబ్బుపడి 1825లో మరణించిరి. మిగిలిన నలుగురు బిడ్డలును తలకొక సిపాయిని దీసికొని పేర్లుపెట్టిరి. పదియేండ్ల షార్లొట్ సిపాయి వెల్లింగ్టన్ ప్రభువు, బ్రాన్వెలుది నెపోలియన్. క్రమముగా ఆ సిపాయిలకొక గాజునగరము, రాజ్యములు, యుద్ధములు, కవులు ఏర్పడిరి. 1829 నుండి పత్రికయు వెలువడెను. ఇంట జదువుచుండిన ‘బ్లాక్‌వుడ్స్ మాగజైను’ దానికి మాతృక. సిపాయిల చేతికి దగినట్లు, కొన్ని సంచికలు రెండున్నర అంగుళములకు మించని కాగితములపై, అచ్చును బోలిన సూక్ష్మాక్షరములతో వ్రాసి కుట్టబడినవి. విషయసూచికయు, ప్రకటనలును గూడ వానియందు గలవు.

ఈ యాటవలన వారికి గలిగిన లాభము స్పష్టమే. ప్రతిదినము వ్రాయు నలవాటు, వ్రాసినదానిని వెంటనే చదువు తోబుట్టువులు, ఒక కల్పితలోకమును ఏండ్లతరబడి నిర్వహించు నేర్పు లభించినవి. కాని యభ్యాసమొక్కటియే చాలునేని బ్రాన్వెల్ అందఱను మించవలసినది. బొమ్మలతనివి, పత్రికను మొదలిడినవాడతడు, మగబిడ్డ యగుటచే ఇంటి యాశలన్నియు నతనిపైననే యుండెను. అతడు వార్తాపత్రికలలో కొన్ని పద్యములు ప్రకటించెను. పిమ్మట మద్యమునకును నల్లమందునకును లోబడి, 1848లో ముప్పదియొకటవ యేట గతించెను. కావున నాటకు మించినదేదో మఱియొకటి కావలెను.

అది యేదో షార్లొట్ రచనలయందే చూడవచ్చును. 1834 నుండి ఆమెయు తమ్ముడును గల్పించిన ఆంగ్రియా రాజ్యమునకు నాయకుడు జమోర్నా. అతడు సుందరుడు, గర్వి, నిర్దయుడు. మీనా లారీ యను స్త్రీ అతనికై సర్వమును సమర్పించి, అవమానమును సైతము భాగ్యముగా నెంచును. రచయిత్రియు నాతని తేజస్సునకు ముగ్ధయైనట్లే తోచును. కాని 1839 నాటి ‘హెన్రీ హేస్టింగ్స్’ కథలో ఎలిజబెత్ యను నొక సామాన్యరూప ప్రవేశించును. ఆమె తాను ప్రేమించినవాని నుంపుడుగత్తెగా నుండుటకు నిరాకరించి తన దారిని తాను పోవును. ఎనిమిదేండ్లకు ‘జేన్ ఐర్’ చేసినదియు నిదియే గదా! రాచెస్టరునందు జమోర్నా ఛాయ యింకను గలదు. మారినది అతని యెదుట నిలిచిన స్త్రీ.

ఈ మార్పు సులభముగా రాలేదు. సాహిత్యము స్త్రీకి జీవితవృత్తి కాజాలదని 1837లో సదే మహాకవి యామెకు వ్రాసెను. 1846లో అక్కచెల్లెండ్రు మువ్వురు పురుషనామములని తోచు మాఱుపేర్లతో ప్రకటించిన పద్యసంపుటము మొదటి యేట రెండు ప్రతులు మాత్రమే యమ్ముడుపోయెను. షార్లొట్ మొదటి నవల ‘ప్రొఫెసర్’ను ప్రకాశకులు త్రిప్పిపంపిరి. 1847 అక్టోబరులో ‘జేన్ ఐర్’ వెలువడి యామెకు పేరు దెచ్చెను.

ఇందులకు ఎమిలీ ప్రతికూలనిదర్శనమని కొందఱనవచ్చును. ఆమె తన గొండాల్ రాజ్యమును విడువలేదు. 1845లో రైలుప్రయాణమున సయితము చెల్లెలు ఆన్‌తో గూడి గొండాల్ పాత్రలుగా నటించుచు సంతోషించెను. నిజమే, కాని ‘వుదరింగ్ హైట్స్’ను జదివినచో, ఆ రాజులయు రాణులయు ఉద్రేకమును ఆమె యొక పల్లెటూరి వంటయింట, ఆస్తివారసత్వపు తగవుల నడుమ నిలిపినట్లు కానవచ్చును. అక్క యాటను విడిచినది, చెల్లెలు విడువలేదు. ఇరువురును దానిని తా మెఱిగిన నేలపైకి దింపిరి. బ్రాన్వెల్ చేయలేనిదిదియే.

మన యిండ్లలో బాలికలు రహస్యముగా వ్రాసికొను పుస్తకములను గూర్చి దీనినుండి కొంత గ్రహింపదగును. వానిని చించుట యెంత తప్పో, అతిథులకు జూపి పొగడుటయు నంతియే. ప్యాట్రిక్ తన బిడ్డలకు పత్రికలను, బైరన్ కావ్యములను నిరాటంకముగా జదువనిచ్చెను. వారు వ్రాసికొన్నవో, పెద్దల కండ్లకందని యక్షరములు. చదువును, ఏకాంతమును ఇచ్చుట పెద్దల పని. ఆటను లోకముతో ముడివెట్టుట బిడ్డల పని. మొదటిదానిని మనము చేయకుండ, రెండవది జరుగలేదని బాలికల బుద్ధిని నిందించుట న్యాయము గాదు.