స్మృతి, స్థలం, పునఃకలయిక: ‘జాను’ చిత్రంపై ఒక పరిశీలన

తెలుగునాట పూర్వ విద్యార్థుల సమ్మేళనం నేడు ఒక సామాజిక ఆచారంగా స్థిరపడింది. పదో తరగతి బ్యాచ్ పేరిట మిత్రులు చదివిన బడిలోనే కలుసుకొని, నాటి గురువులకు శాలువాలు కప్పి, సామూహిక ఛాయాచిత్రం తీయించుకోవడం జిల్లా పత్రికల పుటల్లో నిత్యం కనిపించే వార్త. ఇంతటి వ్యాప్తి గల ఆచారం తెలుగు చలనచిత్రంలో ప్రధాన వస్తువుగా అరుదుగానే కనిపిస్తుంది. ‘హ్యాపీడేస్’ (2007) కళాశాల జీవితాన్ని వర్తమానంగా చూపిందే గాని స్మృతిగా చూపలేదు. బడిజ్ఞాపకానికి చోటిచ్చిన ‘నా ఆటోగ్రాఫ్’ (2004), సమ్మేళనాన్నే కథాకేంద్రం చేసిన ‘జాను’ (2020) రెండూ తమిళ మూలాల నుంచి వచ్చినవే. స్మృతి ప్రధానమైన కథ ఒక ప్రాంతం నుంచి మరొక ప్రాంతానికి తరలినప్పుడు ఏది నిలుస్తుంది, ఏది జారిపోతుంది అన్న ప్రశ్నకు ‘జాను’ తగిన ఆకరం.

నిర్మాణ నేపథ్యం

ఛాయాగ్రాహకుడిగా పేరు పొందిన సి. ప్రేమ్‌కుమార్ 2018లో తమిళంలో ‘96’ చిత్రాన్ని రూపొందించారు. దిల్ రాజు నిర్మాణంలో ఆయనే దానిని తెలుగులో మళ్లీ తీశారు. శర్వానంద్, సమంత నాయికానాయకులు. సంగీత దర్శకుడు గోవింద్ వసంత, చిన్ననాటి జానుగా నటించిన గౌరీ కిషన్, ప్రభ పాత్రధారిణి వర్ష బొల్లమ్మ రెండు చిత్రాల్లోనూ ఉన్నారు. దర్శకుడు, సంగీతం, కొందరు నటులు మారకపోవడం వల్ల మూలంలోని లయ చెదరలేదు. మారినవి ప్రధానంగా స్థలం, కాలం. తంజావూరు బడి విశాఖపట్నానికి, చెన్నై సమ్మేళనం హైదరాబాదుకు, 1996 బ్యాచ్ 2004కు జరిగాయి.

హాస్యం విషాదానికి దారి

ఈ కథలో హాస్యం ఉపకథగా విడిపోదు. వెన్నెల కిశోర్ పోషించిన మురళి మొదలైన మిత్రుల ఆదుర్దా నవ్వు పుట్టిస్తుంది. పెళ్లయి సింగపూర్‌లో స్థిరపడిన జాను, ఒంటరిగా మిగిలిన రామ్ ఆ ఒక్క రాత్రి కలిసి తిరుగుతుంటే వీరికి నిద్ర పట్టదు. ఆ నవ్వు వెనుక సంఘం కాపలా ఉంది. మిత్రులు ప్రేమతోనే భయపడతారు గనుక ఆ కాపలాను ద్వేషించడం ప్రేక్షకునికి సాధ్యం కాదు.

రామ్ శిష్యులు జానును అతని భార్యగా పొరబడే ఘట్టం ఈ శిల్పానికి పరాకాష్ఠ. జాను ఆ పొరపాటును దిద్దదు. తాము కలుసుకున్న విధం ఇదీ అంటూ జరగని కథను జరిగినట్లు చెబుతుంది. శిష్యులకు అది ముచ్చటైన ప్రేమకథ. రామ్‌కు తప్పిపోయిన జీవితం. ఒకే మాట ఇద్దరు శ్రోతల వద్ద రెండు రసాలుగా పరిణమిస్తుంది. నిజం చెప్పడానికి అబద్ధం ఒక్కటే తగిన రూపమైన సందర్భమిది.

కాలం మారితే పాట

కథానాయిక పేరు వెనుక గాయని ఎస్. జానకి స్మరణ ఉంది. గుంటూరు జిల్లా రేపల్లె ప్రాంతంలో పుట్టి తమిళ శ్రోతల హృదయాల్లోనూ నిలిచిన ఆమె పేరు తెలుగు రూపంలోకి రావడం ఒక విధంగా స్వగృహప్రవేశం. అయితే ‘దళపతి’లోని యమున పాట విషయం వేరు. రామ్ బడిలో అడిగినన్నాళ్లూ జాను పాడని పాట అది. ఆ చిత్రం తమిళంలో వచ్చింది 1991లో. 1996 బ్యాచ్ పిల్లలకు అది తమ కాలపు పాట. 2004 బ్యాచ్‌కు పెద్దల నుంచి సంక్రమించిన పాత పాట. అదీ అనువాద చిత్రం ద్వారా అందినది. భావం చెడలేదు గాని తరానికీ పాటకూ ఉన్న ముడి సడలింది. కాలాన్ని ముందుకు జరిపిన పునర్నిర్మాణం స్మృతి సామగ్రిని మాత్రం మార్చలేదు.

నగరానికి స్మృతి లేదా?

ఈ చిత్రంలో విశాఖపట్నం జ్ఞాపకం, హైదరాబాదు కలయిక. నగరం ఒక రాత్రికి ఆతిథ్యమిచ్చే వేదిక మాత్రమే. ఊరిలో బాల్యం, నగరంలో ఉద్యోగం అన్న విభజనను కథ యథాతథంగా అంగీకరించింది. కాని హైదరాబాదులోనే చదువుకున్నవారి స్మృతి మాటేమిటి? అబిడ్స్ పరిసరాల్లో 1834 నాటి సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూలు, 1855 నాటి ఆల్ సెయింట్స్, 1904 నాటి రోజరీ కాన్వెంట్ ఉన్నాయి. తెలుగు, ఉర్దూ, హిందీ, ఆంగ్లం ఒకే బెంచీ మీద కూర్చున్న బడులివి. ఆదివారం పేవ్‌మెంట్ మీది పాత పుస్తకాలు, రామకృష్ణ థియేటర్, నాంపల్లి స్టేషన్, ఏటా జనవరిలో మొదలయ్యే నుమాయిష్ ఆ బాల్యానికి గుర్తులు. ఇవేవీ ‘జాను’లో స్మృతిస్థలాలు కాలేదు. ఇక్కడి సహాధ్యాయుల సంభాషణ ఒకే భాషలో సాగదు. మిత్రులు ఏ భాషలో తిరిగి కలుస్తారన్నదే ఒక నాటకీయ సమస్య. ఆ సమస్యను తాకని చిత్రానికి నగరం నేపథ్యంగానే మిగులుతుంది.

ముగింపు

‘జాను’ మానవ సంబంధాన్ని సంయమనంతో చిత్రించడంలో కృతకృత్యమైంది. హాస్యాన్ని విషాదానికి వాహికగా మలచిన తీరు మెచ్చదగినది. పాత్రలను, సంగీతాన్ని, కథాగతిని తరలించవచ్చునని అది నిరూపించింది. స్మృతిని మాత్రం నేల నుంచి, కాలం నుంచి విడదీసి తరలించలేమని కూడా అదే నిరూపించింది. తెలుగు బడి సమ్మేళనం తనదైన చిత్రాన్ని పొందాలంటే కథ తన బడి గోడల మధ్య నుంచే మొదలుకావాలి.