చలనచిత్రవిద్య – పట్టపరీక్ష

చలనచిత్రము విశ్వవిద్యాలయ పట్టమునకు తగిన విషయమా యను ప్రశ్న నేటికిని వినిపించుచున్నది. కె. వి. రెడ్డిగారు చలనచిత్రమున ఏ పట్టము పొందిరని ఆక్షేపకు లడుగుదురు. వాహినీ సంస్థలో బి. ఎన్. రెడ్డిగారి చిత్రములకు పనిచేసి ఆయన ఈ కళ నేర్చిన మాట నిజమే. కాని అట్టి గురుకులము అందరికిని లభించునది కాదు.

1960లో పుణేలోని ప్రభాత్ స్టూడియో ఆవరణమున కేంద్రప్రభుత్వము శిక్షణసంస్థను నెలకొల్పినది. హైదరాబాదున 2011లో అన్నపూర్ణ స్టూడియో ఆవరణమున చలనచిత్ర కళాశాల వెలసినది. పరికరములు చేతికందు చోట బోధించుట మేలే. అయినను పట్టము పరికరజ్ఞానముతో ముగియరాదనియు, చిత్రమును చదువగల శక్తిని గూడ పరీక్షింపవలెననియు మా అభిప్రాయము.

ఒక ఉదాహరణము చూపుదుము. ‘మాయాబజార్’ (1957)లో పాండవులు తెరపై కనిపింపరు. అభిమన్యుని వివాహకథలో తండ్రియైన అర్జునుడు లేకుండుట లోపమా, శిల్పమా? శిల్పమే యని మేము తలంతుము. భర్త చెంతలేని సుభద్రకు జరిగిన అవమానము అందువలననే తీవ్రమైనది. కృష్ణుని పూనికకును అవసర మేర్పడినది. కెమెరాను నడపుట వచ్చినంతమాత్రమున ఈ విషయము బోధపడదు.

బహదూర్‌పురానుండి వచ్చు విద్యార్థికి మఱియొక బలము కలదు. ఇంట తెలుగు, వీధిలో దక్కనీ ఉర్దూ వినుచు పెరిగిన చెవి యతనిది. శ్యామ్ బెనెగళ్ ‘అంకుర్’ (1974)లో తెలంగాణపల్లెలోని లక్ష్మిచే దక్కనీ పలికించుటలోని ఔచిత్యము నతడు వెంటనే గుర్తింపగలడు. పాఠ్యక్రమము ఆ చెవిని లెక్కింపనిచో పరిశ్రమకు పనివారు లభింతురు గాని, తన ఊరిని తెరపై గుర్తుపట్టగల దర్శకుడు లభింపడు.