స్త్రీల రామాయణపు పాటల్లో మంత్రసాని: తోడు నిలిచే మాట

ఉపోద్ఘాతం

ప్రసవ సమయంలో వైద్యం జోలికి పోకుండా స్త్రీ పక్కనే ఉండి, ధైర్యం చెప్పి, నడుము నిమిరి, చివరిదాకా తోడు నిలిచే వ్యక్తిని ఇవాళ ‘డౌలా’ అంటున్నారు. ప్రాచీన గ్రీకులో ఈ పదానికి దాసి, సేవకురాలు అని అర్థం. అమెరికా మానవశాస్త్రవేత్త డేనా రాఫెల్ 1973లో తల్లిపాలను గురించి రాసిన గ్రంథంలో బాలింతకు అండగా ఉండే స్త్రీని ఈ పేరుతో పిలిచారు. తరువాత అది ప్రసవకాలపు తోడుకు కూడా పేరయింది. 17 దేశాల్లో జరిగిన 26 అధ్యయనాలను కలిపి చూసిన 2017 నాటి కాక్రేన్ సమీక్ష, ఎడతెగని తోడు లభించిన స్త్రీలలో సహజ ప్రసవాలు పెరిగి, నొప్పుల కాలమూ సిజేరియన్లూ తగ్గే అవకాశం ఉందని తేల్చింది. ప్రసూతికి తనకు నచ్చిన తోడు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సిఫారసు చేసింది.

ఇది వైద్యశాస్త్ర విషయం కదా, సాహిత్య పరిశోధనలో దీనికేం పని అన్న ప్రశ్న సహజమే. వైద్యం నేడు కొత్తగా గుర్తించిన ఈ తోడుకు తెలుగులో ఒక మాట ఉంది, ఆ మాటకు ఒక చరిత్ర ఉంది, పాటల్లో ఒక రూపం ఉంది. ఆ రూపాన్ని ఆచారానికి సాక్ష్యంగా మాత్రమే కాక కవిత్వ నిర్మాణంలో భాగంగా చదవడం ఈ వ్యాసం ఉద్దేశం.

మాట చరిత్ర

‘మంత్రసాని’లోని ‘సాని’ శబ్దం ‘స్వామిని’ నుంచి వచ్చిందన్నది ప్రసిద్ధమే. అర్థాపకర్షకు మన భాషాశాస్త్ర పాఠాలు తరచూ చూపే ఉదాహరణ కూడా ఇదే. ‘దొరసాని’లో గౌరవం నిలిచింది, విడిగా వాడిన ‘సాని’లో పోయింది. ‘మంత్రసాని’ ఈ రెంటికీ నడుమ చిక్కుకుంది. గ్రీకు పదం దాసితో మొదలై గౌరవప్రదమైన వృత్తినామం అయింది. తెలుగు పదం యజమానురాలితో మొదలై, మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏది వచ్చినా పట్టాలన్న సామెత దగ్గరికి చేరింది. ఆ సామెతలో మంత్రసాని నేర్పు లేదు, ఓదార్పు లేదు. తప్పించుకోలేని రోత పనిగా మాత్రమే ఆ వృత్తి మిగిలింది.

ఈ దిగజారుడుకు కారణం భాషలోనే కనిపిస్తుంది. ‘పురుడు’ అంటే ప్రసవమూ అవును, ప్రసవం వల్ల ఇంటికి అంటే మైలా అవును. ‘పురుడు పోసిన’ స్త్రీ బిడ్డను అందుకుంటుంది, మైలనూ మోస్తుంది. తెలుగునాట చాలా ఊళ్లలో మంగలి స్త్రీలు ఈ పని చేశారు. ఆమె చేయి లేనిదే ఇంటికి వారసుడు రాడు. ఆ చేయి తాకిన తరువాత ఇల్లు శుద్ధి కావాలి. ఈ వైరుధ్యం మనసులో ఉంచుకుని పాటను సమీపించాలి.

కావ్యంలో కుమారోదయం

దండి చెప్పిన మహాకావ్య వర్ణనలలో కుమారోదయం ఒకటి. దాని కేంద్రం ఎక్కడుందో పేరే చెబుతుంది: పుట్టినవాడు ఉన్నాడు, కన్న స్త్రీ లేదు. తెలుగు ప్రబంధకవులు ఈ సంప్రదాయంలో గర్భచిహ్నాలను, దోహదాలను ఎంతో ఇష్టంగా వర్ణించారు. చెక్కిళ్ల పాలిపోత, నడక మాంద్యం, మన్ను మీది రుచి పద్యాలకు వస్తువులయ్యాయి. తరువాత కవి చూపు సాధారణంగా గ్రహాల ఉచ్చస్థితికీ శుభలగ్నానికీ మళ్లుతుంది. వేవిళ్లకూ బారసాలకూ మధ్య ఉన్న రాత్రి కావ్యంలోకి రాదు. సూతికాగృహం తలుపు కవికి మూసి ఉంటుంది. లోపల ఉన్న మంత్రసాని కూడా అందువల్లనే కావ్యానికి కనిపించదు.

పాట తెరిచిన తలుపు

ఆ తలుపును స్త్రీల పాట తెరిచింది. కృష్ణశ్రీ సేకరించిన ‘స్త్రీల రామాయణపు పాటలు’ సంపుటిని ఆంధ్ర సారస్వత పరిషత్తు 1955లో ప్రచురించింది. ఈ పాటలపై వెల్చేరు నారాయణరావు రాసిన ఆంగ్ల వ్యాసం 1991లో పౌలా రిచ్‌మన్ సంపాదకత్వంలో వెలువడిన రామాయణ వ్యాస సంపుటిలో చేరింది. బ్రాహ్మణ స్త్రీల పాటల్లో రాముడి కథ పురిటి గదుల, పెరటి పనుల, కుటుంబ తగవుల కథగా మారిన తీరును ఆయన వివరించారు. అందులో కౌసల్య ప్రసవ ఘట్టాన్ని ప్రత్యేకంగా చర్చించారు.

ఆ ఘట్టంలో సంఘటనల వరుస గమనించదగినది. నొప్పులు మొదలవగానే మంత్రసానికి కబురు వెళుతుంది. ఆమె రాజసంగా వస్తుంది. కౌసల్యను చూస్తుంది, వీపు తడుతుంది, భయపడవద్దంటుంది, ఘడియలో కొడుకును కంటావని ధైర్యం చెబుతుంది. ఆ తరువాతే చుట్టూ ఉన్న స్త్రీలు కౌసల్య ఒంటి మీది బరువైన నగలు తీస్తారు. దూలాలకు తాళ్లు కట్టి ఆమె చేతికి అందిస్తారు. అప్పుడు కౌసల్య అమ్మను తలుచుకుంటూ, ఈ బాధ ఓర్వలేనని, క్షణం నూరేళ్లుగా ఉందని ఏడుస్తుంది.

ఇంతవరకు ఈ ఘట్టాన్ని, తాళ్లు పట్టుకుని నిలబడి కనే పద్ధతికి సాక్ష్యంగా చూడడం పరిపాటి. ఆ విలువను కాదనలేము. అయితే పాటలో మంత్రసాని మొదట చేసేది పురుడు పోయడం కాదు. చూడడం, తాకడం, మాట్లాడడం – ఈ మూడే. కౌసల్య ఆక్రందన ఈ మూడింటికి ముందు కాక తరువాత వస్తుంది. ఓదార్పు ఏడుపును ఆపలేదు, ఏడ్వడానికి చోటిచ్చింది. పట్టమహిషి తన నగలతో పాటు నిబ్బరాన్నీ వదిలేసి, ఓర్వలేనని పైకి చెప్పగలిగిన క్షణం అది. ఆ క్షణాన్ని సాధ్యం చేసింది ఒక బయటి స్త్రీ మాట.

రాజసపు రాక వర్ణనకూ ఇక్కడే అర్థం దొరుకుతుంది. ఇంట్లో మైలతో ముడిపడిన స్త్రీని పాట రాచఠీవితో నడిపించింది. ‘సాని’ శబ్దం కోల్పోయిన అర్థాన్ని పాట ఆ ఒక్క రాత్రికి తిరిగి ఇచ్చింది. ఆ గదిలో రాణి నిస్సహాయ, మంత్రసాని అధికారి.

పాట పరిమితులు

ఇంతమాత్రాన ఈ పాటను ఆదర్శంగా నిలపడం తొందరపాటవుతుంది. మొదటిది, మంత్రసాని ఓదార్పులో కొడుకు ఉన్నాడు. భయపడకు అన్న మాటకు ఊతం కొడుకు పుడతాడన్న హామీ. రాబోయేవాడు రాముడు కనుక కథకు అది అవసరమే కావచ్చు. కాని పాడుతున్న, వింటున్న స్త్రీలకు అది కథకే పరిమితమైన మాట కాదు. కావ్యం మూసిన తలుపును తెరిచిన పాట కూడా ‘కుమారోదయం’ గడపను పూర్తిగా దాటలేదు. ఆడపిల్లను కనబోయే స్త్రీకి ఈ మంత్రసాని దగ్గర ఏ మాట ఉందో పాట చెప్పదు.

రెండవది, ఇది సేవ పొందిన స్త్రీల పాట. పురుడు ముగిశాక మంత్రసాని ఇంటికి వెళ్లే దారి ఇందులో లేదు. ఆమెకు దక్కిన గౌరవం గదిలో మొదలై గదిలోనే ముగుస్తుంది. ఆమె అలసటను, భయాన్ని, బిడ్డ దక్కనినాడు ఆమె మీద పడే నిందను వినాలంటే ఈ సంపుటి చాలదు. మంత్రసానుల కుటుంబాల మౌఖిక కథనాల సేకరణ ఈ దిశగా జరగవలసిన పని.

వర్తమాన సందర్భం

అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 96 శాతానికి పైగా ప్రసవాలు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. ఎన్నో ప్రాణాలు నిలిపిన మార్పు ఇది. దీనిని మరచి పాత పురిటింటిని కలగనడం బాధ్యతారాహిత్యం. అదే సర్వేలో సిజేరియన్ల వాటా తెలంగాణలో 60.7, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతంగా నమోదైంది. దేశ సగటు 21.5 శాతం. ఇందుకు కారణాలు అనేకం, వాటిని తేల్చడం ఈ వ్యాస పరిధి కాదు. మంత్రసాని పనిని ఆసుపత్రి ఎలా పంచుకుందో మాత్రం చూడవచ్చు. బిడ్డను అందుకునే పని డాక్టరుకూ నర్సుకూ చేరింది. మైల తీసే పని ఆయాకు చేరింది. వీపు తట్టి మాట్లాడే పని చాలాచోట్ల ఎవరికీ చేరలేదు.

కొండేపూడి నిర్మల ‘లేబర్ రూం’ కవిత పేరులోనే పురిటిల్లు పోయి ఆసుపత్రి గది వచ్చింది. ప్రసవ వేదనను కవితావస్తువుగా నిలిపిన ఈ కవితను కౌసల్య ఆక్రందన పక్కన పెట్టి చదివితే, స్త్రీవాద కవిత్వానికి మౌఖిక సంప్రదాయంలో ఒక పూర్వరూపం కనిపిస్తుంది. ఆక్రందన రెండు చోట్లా ఉంది. దానిని వినే మనిషి గదిలో ఎవరన్నదే ఈ తులనాత్మక పఠనానికి అసలు ప్రశ్న.

ముగింపు

డౌలా మంత్రసానికి పర్యాయపదం కాదు. మంత్రసాని చేసిన పనుల్లో ఒక్కదానికి వచ్చిన కొత్త పేరు అది. ఆ ఒక్క పనిని వైద్యశాస్త్రం లెక్కలతో నిరూపించకముందే స్త్రీల పాట గుర్తించి, ప్రసవ ఘట్టంలో మొదటి స్థానంలో నిలిపింది. అరువు పదాన్ని వద్దనడం ఈ వ్యాసం అభిమతం కాదు. ఆ పదానికి తెలుగులో అర్థం రాసేటప్పుడు ‘ప్రసవ సహాయకురాలు’ అని సరిపెట్టకుండా, సామెత మోటు చేసిన ‘మంత్రసాని’ని పాట సాక్ష్యంతో మళ్లీ చదవాలని మాత్రమే ప్రతిపాదన. నిఘంటువులో ఆ ఆరోపానికి ఎదురుగా మనం రాసే అర్థంలో ఆమె చేయితో పాటు ఆమె మాట కూడా ఉండాలి.