ఎస్పెరాన్సా అంటే ఆశేనా?

పిల్లల పేర్ల జాబితాల్లో ‘ఈ’ అక్షరం దగ్గర లాటినా పేర్లు చూస్తే అన్నీ మెరిసేవే. ఎస్త్రెయా అంటే నక్షత్రం, ఎస్మెరాల్దా అంటే మరకతం, ఎస్పెరాన్సా అంటే ఆశ. పేరుకో మాట, అంతే.

శాండ్రా సిస్నెరోస్ ‘ది హౌస్ ఆన్ మ్యాంగో స్ట్రీట్’ (1984) మళ్లీ చదువుతుంటే నాకు ఆ ఒక్క మాట చాల్లేదు. షికాగోలో పెరిగే ఎస్పెరాన్సా కొర్దెరోకి తన పేరు నచ్చదు. స్పానిష్‌లో ‘ఎస్పెరార్’ అంటే ఆశపడటమే కాదు, ఎదురుచూడటం కూడా. ఇంగ్లిష్‌లోకి రాగానే రెండోది జారిపోతుంది. మన ‘ఆశ’లోనూ అది లేదు, తెలుగు చెయ్యబోతే చిక్కంతా ఇక్కడే.

ఆ పేరు ముత్తవ్వది. పెళ్లొద్దన్న ఆవిడని ముత్తాత బలవంతంగా ఎత్తుకుపోయాడు. ఇక బతుకంతా ఆవిడ కిటికీలోంచి చూస్తూ ఉండిపోయింది. పేరు ఎలాగూ వచ్చిపడింది, ఆ చోటు కూడా తనకి రాసిపెట్టి ఉందా అన్నదే ఈ పిల్ల భయం.

తనకి తాను ఎక్స్ అక్షరంతో ఓ వింత పేరు పెట్టుకోవాలనుకోవడం చూసి మొదటిసారి నవ్వుకున్నాను. చిన్నపిల్ల సరదా అనుకున్నా. కాదు, ఆమెకి కావలసింది అర్థం లేని పేరు. అర్థం లేకపోతే వారసత్వమూ లేదు కదా!

ఆ భయం ఉత్తది కాదని వీధిలోని ఆడవాళ్లే చెప్తారు. రఫేలాని మొగుడు ఇంట్లో పెట్టి తాళం వేస్తాడు. ఆమెకి కిటికీ అయినా ఉంది. పెళ్లయిన శాలీని వాళ్లాయన కిటికీలోంచి కూడా చూడనివ్వడు.