సిరిమాను పనితనం

బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో తెలుగువాళ్లు సోలాపురి మాతకు పూజ చేస్తారు. పసుపునీళ్లు, వేపమండలు, ఘటం: ఉత్తరాంధ్ర పల్లెల్లో అమ్మవారి పండగ ఎలా ఉంటుందో అలాగే. బెంగాల్ నాగపూర్ రైల్వే కొలువులకని ఆ వైపు నుంచి వచ్చిన కుటుంబాలు అక్కడ ఎన్నో. 1931లో రాయపూర్–విజయనగరం లైను పూర్తయ్యాక రాకపోకలూ సులువయ్యాయి. ఆ భక్తి లోతు తెలియాలంటే ఆ లైను చివర విజయనగరంలో దిగాలి. అక్కడి అమ్మవారు పైడితల్లి వనంగుడి స్టేషను దగ్గరే ఉంది.

ముందు ఆ అమ్మవారి కథ అల్లిక చూడండి. 1757 జనవరిలో విజయనగరం రాజు విజయరామరాజు ఫ్రెంచి సేనాని బుస్సీని వెంటబెట్టుకుని పొరుగునున్న బొబ్బిలి కోటమీద పడ్డాడు. తెలుగువాళ్లే తెలుగువాళ్లను తుడిచిపెట్టిన పోరు అది. కొద్దిరోజులకే బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడి చేతిలో ఆ రాజూ పోయాడు. ఇలాంటప్పుడు దేవుడు శిక్షించాడనడం లోకం తీరు. హోమరు ‘ఇలియడ్’ మొదలయ్యేదీ అలాగే: రాజు చేసిన తప్పుకు అపోలో సైన్యంమీదికి తెగులు పంపుతాడు. విజయనగరం జనం అలా అల్లలేదు. యుద్ధం వద్దని అన్నను బతిమాలినదీ, ఒళ్లంతా మశూచితో మంచం పట్టినదీ, అతని చావు తెలిసి కుప్పకూలి, పెద్దచెరువులో విగ్రహమై వెలసినదీ చెల్లెలు పైడిమాంబేనంటారు. తెగులూ యుద్ధమూ రెండూ ఎవరిమీద పడ్డాయో ఆవిడనే దేవతను చేసుకున్నారు. ఇంత దయగల ఊహ ఇంకెక్కడా నాకు ఎదురుపడలేదు.

ఈ ఊహకు కొయ్యలో రూపం సిరిమాను. ఏటా కొత్త చింతచెట్టే కావాలి. అది ఎక్కడుందో అమ్మ కలలో చెబుతుందని పూజారి నమ్మకం. విగ్రహాన్ని చెరువులోంచి తీసిన పతివాడ అప్పలనాయుడి వంశం ఆయనది. చెట్టుకు పూజచేసి కొట్టి, హుకుంపేట తెస్తారు. అక్కడ వడ్రంగులు దాన్ని దాదాపు అరవై అడుగుల మానుగా చెక్కి, ఇరుసుమానుతో కలిపి బండికి ఎక్కిస్తారు. కొసన ఆసనం. దసరా తరవాతి మంగళవారం పూజారి అమ్మవారికి మారుగా అందులో కూర్చుంటాడు. మూడులాంతర్ల దగ్గరున్న అమ్మవారి మరో గుడికీ కోటకూ మధ్య మాను మూడుసార్లు తిరుగుతుంది. కోట బురుజుమీద రాజకుటుంబం ఉంటుంది. అన్న వినని చెల్లెలు అన్నగారి కోటముందుకే అంత ఎత్తున వస్తుంది. ఆ అరవై అడుగులూ అందుకే కావాలనిపిస్తుంది నాకు.

మశూచి భూమ్మీద లేదని 1980లో ప్రకటించారు. చెట్టు కొట్టడం మాత్రం ఆగలేదు. ఉత్సవంనాటి జనంలో మాను కొస తప్ప మరేమీ కనబడదు. బిలాస్‌పూర్ నుంచి వచ్చేవాళ్లు కొన్నిరోజులు ముందే బయలుదేరి, హుకుంపేటలో ఉలి ఆడుతున్నప్పుడే దాన్ని చూడాలి.